మూడో ముద్దకు వచ్చిన మాట

నా చిన్నప్పుడు కన్నడమంటే నాకు కడుపునొప్పి వచ్చేది. ఇంట్లో అందరిదీ తెలుగే, బడిలో పాఠాలేమో కన్నడంలో. మాటలూ అర్థాలూ వరసగా రాసుకుని గడగడా అప్పజెప్పేదాన్ని. అయ్యవారు ఎదురుగా నిలబడి ఏదైనా అడిగితే మాత్రం నోరు పెగిలేది కాదు. ఈసారి కన్నడం పరీక్ష తప్పితే బడి మాన్పించి మేకల వెంట పంపుతానని మా నాయన తేల్చి చెప్పేశాడు. నాకేమో చదువుకోవాలని ప్రాణం కొట్టుకుపోయేది.

పక్కింటి అక్క ఒక ఆదివారం నన్ను మధుగిరి దగ్గర తన స్నేహితురాలి ఇంటికి తీసుకుపోయింది. వాళ్ళకు తెలుగు రాదు. మధ్యాహ్నం ఆ ఇంటావిడ రాగి సంగటి పెట్టింది. తిన్నాను. ఇంకో ముద్ద వేసింది. చెయ్యి అడ్డం పెట్టినా, తల ఊపినా ఆగదే! అక్క వైపు చూస్తే ఆ మహాతల్లి గోడకేసి చూస్తోంది. మూడో ముద్ద పడేసరికి ఏడుపొచ్చేసింది.

"సాకమ్మా, సాకు! హొట్టె తుంబితు!"

చాలమ్మా, కడుపు నిండిందని ఎన్నిసార్లు రాసుకున్నానో! నోటితో అనడం అదే మొదలు. ఇద్దరూ పగలబడి నవ్వారు, ముందే కూడబలుక్కున్నారట. సాయంత్రానికి ఆ ఇంట్లో మంచినీళ్ళూ నేనే అడిగాను. ఆ ఏడు గట్టెక్కాను.

ఆ మేకలు మేసిన బీళ్ళ నిండా ఇప్పుడు సోలార్ పలకలే. అక్కడ పనిచేసే మా మనవరాలికి జపాన్ కంపెనీలో ఉద్యోగం మీద ఆశ. గోడ నిండా చీటీలు అంటించింది. 'మిజు' అంటే నీళ్ళు, 'ఒనక' అంటే కడుపు, 'ఇప్పాయ్' అంటే నిండుగా. అన్నీ కంఠతా వచ్చు. తీరా ఫోన్లో వాళ్ళు పలకరిస్తే ఒక్క మాటా రాలేదు. మళ్ళీ ఒక్కసారే అవకాశమన్నారు.

"ఈ భాష నాకు రాదులే అవ్వా, ఇంగ ఇడ్సిపెడ్తా" అని ఏడ్చింది.

మర్నాడు సంగటి కలిపి వడ్డించాను. వేస్తూనే ఉన్నాను.

"చాలవ్వా!"

"నాకు తెలుగు రాదు పో."

మూడో ముద్దకు పళ్ళెం మీద రెండు చేతులూ కప్పేసి, "ఒనక ఇప్పాయ్ దెస్!" అని అరిచింది. తర్వాత తనే నవ్వేసింది. ఆ రోజు నుంచి దాహమేస్తే ఇంట్లో 'మిజు'యే.

నిన్న ఫోన్లో వాళ్ళతో చాలాసేపు మాట్లాడింది. ఉద్యోగం సంగతి ఇంకా తెలియలేదు. ఫోను పెట్టేసి నేరుగా వంటింట్లోకి వచ్చి నాకు సంగటి వడ్డించింది, ఆపితే గదా! మూడో ముద్దకు నేనూ జపాన్ మాటే అన్నాను.

పక్కింటి అక్క ఇప్పుడు లేదు. మాట పెగలని పిల్ల ఎవరు కనబడినా, నా చెయ్యి మాత్రం ముందు సంగటి గిన్నె మీదికే పోతుంది.