మా అత్త నేర్చుకున్న గుండె

పోయిన ఆదివారం విశాఖపట్నంలో మా వీధి చివరి మాంసం కొట్టు దగ్గర నిలబడ్డాను. కొట్టతను కత్తి ఆపి, "అమ్మా, గుండెకాయ వెయ్యమంటారా, తీసెయ్యమంటారా?" అని అడిగాడు. "ముక్కలు చెయ్యకుండా అలాగే ఇయ్యి బాబూ, పైనున్న గొట్టాలు కూడా ఉండనీ" అన్నాను. నా వెనక నిలబడ్డాయన నన్ను అదోలా చూశాడు. సంచీ పట్టుకుని సగం దూరం నడిచాక గాని నాకు తట్టలేదు, ఆ మాట నాది కాదని. యాభై ఏళ్ళు దాటిపోయింది, నౌపడ దగ్గర మేకలు కోసే మనిషితో మా అత్త అచ్చంగా అదే మాట అంది. అప్పుడు వెనక నిలబడి అదోలా చూసింది నేను.

మా నాన్న నెల్లిమర్ల జనపనార మిల్లులో పనిచేసేవాడు. ఆడపిల్ల చదివితే తప్పేమిటని నన్ను విజయనగరంలో పి.యు.సి.లో చేర్పించాడు గానీ, ఏడాది సగం గడిచేసరికి నౌపడ స్టేషన్లో గుమాస్తాగా ఉన్న మా ఆయన సంబంధం వచ్చింది. పుస్తకాలు పెట్టెలో సర్ది పెళ్ళి చేసేశారు. అరవయ్యేడో, అరవయ్యెనిమిదో. అత్తవారిది వ్యవసాయం. కొద్దిగా వరి మడి ఉండేది, మా మావగారు దానితోపాటు ఉప్పుమడుల్లో మేస్త్రీ పని చూసేవాడు. ఆ ఊళ్ళో ఎండాకాలం గాలికి నాలుకతో పెదవి తడుపుకుంటే ఉప్పగా తగిలేది. మావగారి మడమలు ఉప్పునీటికి పగిలి బీటలు వారి ఉండేవి. అన్నం ముందు కూర్చుంటే కూర రుచి చూడకముందే ఉప్పుగల్లు ఒకటి తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చల్లుకునేవాడు. నేను కాపరానికి వెళ్ళిన కొత్తలో, నా వంట బాగోలేక అలా చేస్తున్నాడనుకుని రెండు రోజులు ఏడ్చాను. మా అత్త నవ్వి, "నీ కూర తప్పు కాదే గుంటా. సముద్రంలో ముంచి పెట్టినా ఆయనకి సాలదు" అంది. మా అత్తకు అక్షరం ముక్క రాదు. పొట్టి మనిషి. మా వైపు ఆడవాళ్ళు చాలామందిలాగే చుట్టని నిప్పు లోపలికి పెట్టుకుని కాల్చేది. ఏదైనా గట్టిగా ఆలోచించాల్సి వస్తే చుట్ట అలా నోట్లో పెట్టుకుని మాట్లాడడం మానేసేది. అప్పుడు ఇంట్లో అందరం కొంచెం జాగ్రత్తగా తిరిగేవాళ్ళం.

పెళ్ళయిన మరుసటేడు మాఘమాసంలో మావగారి కాళ్ళు వాచాయి. ఉప్పునీట్లో నిలబడితే వాయక ఏమవుతాయని ఆయన కొట్టిపారేశాడు. బొటనవేలితో నొక్కితే గుంట పడి చాలాసేపటికి గాని పూడేది కాదు. తరవాత ఆయాసం మొదలైంది. వెల్లకిలా పడుకోలేక, చాప చుట్టి స్తంభానికి ఆనించి దానికి జారబడి కునుకు తీసేవాడు. మా ఆయన టెక్కలిలో ఉన్న డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాడు. అత్తా నేనూ కూడా వెళ్ళాం. ఆయన చాలాసేపు గుండె విని, ఎడమవైపు కవాటం సరిగ్గా మూసుకోవడం లేదన్నాడు. చిన్నప్పుడు ఎప్పుడో కీళ్ళనొప్పులతో జ్వరం వచ్చి ఉంటుందనీ, దానివల్ల అయి ఉంటుందనీ చెప్పాడు. గుండెకు ఒక మాత్ర, నీరు పోవడానికి ఒక మాత్ర రాసిచ్చాడు. ఉప్పు మాత్రం పూర్తిగా మానెయ్యాలన్నాడు. మావగారు బయటికి రాగానే, "ఉప్పు పండించేవోడిని ఉప్పు మానీమంటాడేటి!" అని రోడ్డు మీద వినపడేలా నవ్వాడు.

ఆ నవ్వుకి అర్థం పదిహేను రోజులకి తెలిసింది. ఇంట్లో చప్పిడి కూడు బుద్ధిగా తినేవాడు. మడుల దగ్గర పాకలో కూలీలతో కూర్చుని ఎండు చేపలు, ఉప్పులో ఊరిన మామిడికాయ లాగించేవాడు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిని అలా జారబడ్డవాడు గబుక్కున లేచి కూర్చుని, రెండు చేతులూ నేలకి ఆన్చి గాలి కోసం కొట్టుకున్నాడు. పెదవులు నల్లబడ్డాయి. బండి కట్టి టెక్కలి తీసుకుపోయాం. డాక్టరు సూదిమందు ఇచ్చాక గంటకి ఊపిరి ఆడింది. వరండాలో డాక్టరు మా ఆయనతో, "ఊపిరితిత్తుల్లో ఇంకోసారి ఇలా నీరు చేరితే నా చేతిలో లేదు. ఇలాగే ఉంటే ఈ ఉప్పు పంట చివరిదాకా ఉండడం కూడా కష్టమే" అన్నాడు. స్తంభం పక్క నిలబడి అత్త అంతా వింది. ముందుకి వచ్చి, "బావూ, నా మొగుడి గుండికి ఏటయినాదో నాకు సెప్పు" అంది. ఆయన అలిసిపోయి ఉన్నాడు. "చెప్పాను కదమ్మా, ఉప్పు పెట్టకు. మిగతాది నీకర్థం కాదు" అని లోపలికి వెళ్ళిపోయాడు.

తిరుగు ప్రయాణంలో బండి ఊరి పొలిమేర చేరేదాకా అత్త నోట్లోంచి చుట్ట తియ్యలేదు. తరవాత, "నాకు అర్దం కాదట" అంది. కోపంగా కూడా అనలేదు. "ఒలే గుంటా, నువ్వు సదువుకున్నావు కదా. గుండి నీకు తెలుసా?"

"తెలుసత్తా" అన్నాను గర్వంగా. పదకొండో తరగతిలో గుండె బొమ్మకి నాకు పూర్తి మార్కులు వచ్చాయి.

పెట్టె అడుగు నుంచి ఆ నోటుపుస్తకం తీశాను. ఎరుపు, నీలం పెన్సిళ్ళతో చక్కగా వేసిన బొమ్మ. కుడి కర్ణిక, కుడి జఠరిక, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, బృహద్ధమని, పుపుస సిర అంటూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. అత్త అంతా విని బొమ్మ మీద వేలు పెట్టింది. "ఎర్రదొకటీ నీలందొకటీ, మనిసికి రెండు రగతాలున్నాయేటి?" రక్తం ఒకటేననీ, ఊపిరితిత్తుల్లో గాలి తగలకముందు కొంచెం నల్లగా ఉంటుందనీ, గుర్తు కోసం నీలం వేస్తామనీ చెప్పాను. "మరి అబద్దం రంగెందుకేసినావు?" అంది. ఇంకో ప్రశ్న. "గుండి ఎడంపక్కనుంటాది కదా. నువ్వు ఎడం అని సూపించింది బొమ్మలో కుడిపక్కనెందుకున్నాది?" రెండేళ్ళు వేసిన బొమ్మ. ఆ సంగతి ఒక్కసారీ అనుకోలేదు. పుస్తకాన్ని నా రొమ్ముకి ఆనించుకుని, ముఖం అత్తకేసి పెట్టి నిలబడ్డాక నాకే తెలిసింది, బొమ్మలోని మనిషి మనకి ఎదురుగా ఉన్నాడని. నాకు మార్కులు వచ్చాయి గానీ గుండె రాలేదు. అత్త పుస్తకం మూసి నా చేతికిచ్చి, "ఇది సాలదు. నిజంది సూడాల" అంది.

ఆదివారం ఊరి బయట చింతచెట్టు కింద మేకని కోసేవారు. అత్త అడిగిందని కోసే మనిషి అడ్డాకుల్లో గుండెకాయ పొట్లం కట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి విప్పితే నాలుగు ముక్కలు. చెయ్యి అలవాటు మరి. మరుసటి ఆదివారం దాకా అత్త ఆ ముక్కల సంగతే తలుచుకుంది. ఆరోజు తెల్లవారుతూనే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, అతని చెయ్యి పక్కనే గొంతుక్కూర్చుంది. "ముక్కలు సెయ్యకు. పైనున్న గొట్టాలు కూడా ఉండనీ. కత్తి తగిలిందంటే సూడు నీ పని" అంది. అతను గుండెని పసిపిల్లని అందించినట్టు రెండు చేతులతో అందించాడు.

పెరటి అరుగు మీద పీట వేసి, మా ఆయన గడ్డం గీసుకునే బ్లేడు తీసుకున్నాం. ముందు కొయ్యకుండా చూశాం. పైన కొవ్వు మధ్య సన్నటి నాళాలు తీగల్లా పాకి ఉన్నాయి. అవి గుండె కండకే రక్తం ఇచ్చే ధమనులని చెప్పాను. "ఊరందరికీ నీల్లిచ్చేదానికి కూడా దాహం ఏస్తాదన్నమాట" అంది అత్త. పైన గొట్టాల్లో ఒకటి దళసరిగా, నొక్కి వదిలితే గుండ్రంగా నిలబడుతోంది. పక్కనే ఉన్నది పలచగా కూలబడిపోయింది. నిలబడేది ధమని, కూలబడేది సిర. పుస్తకంలో ధమని గోడలు మందం, సిర గోడలు పలచన అని చదివిన ఒక్క వాక్యం నా వేళ్ళకి అప్పుడు తెలిసింది. కుడివైపు నొక్కితే మెత్తగా, ఎడమవైపు నొక్కితే గట్టిగా ఉంది. ఎందుకని అడిగింది. కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులదాకా తోస్తే చాలు, ఎడమది ఒళ్ళంతా తొయ్యాలన్నాను. "ఓలమ్మ! కాలి గోటిదాకా ఇదొక్కటేనా?" అని ఆ కండని కాసేపు వేళ్ళతో తడిమింది.

ఆ తరవాత చేసిందంతా ఆవిడ బుర్రలోంచి పుట్టిందే. ఎడమ పైగదిని బ్లేడుతో తీసేయమంది. తీశాక కింద గదికి తలుపు కనిపించింది. తెల్లగా, పలచగా రెండు రేకులు. వాటి అంచులకి దారాలు, ఆ దారాలు కింద కండకి పట్టి ఉన్నాయి. చెంబుతో నీళ్ళు నింపి కింద గదిని పిడికిట్లో పెట్టి నొక్కింది. రేకులు రెండూ పైకి ఉబ్బి ఒకదాన్నొకటి ఆనుకున్నాయి. చుక్క వెనక్కి రాలేదు. నీళ్ళన్నీ దళసరి గొట్టంలోంచి చిమ్మాయి. నేను ఒక్క గంతు వేశాను. అత్త గంతు వెయ్యలేదు. మళ్ళీ నింపింది, మళ్ళీ నొక్కింది. అలా ఎన్నిసార్లు చేసిందో. చివరికి బ్లేడు తీసుకుని ఆ దారాల్లో రెండు తెంపి, నీళ్ళు పోసి నొక్కింది. ఒక రేకు వెనక్కి మడత పడి, నీళ్ళు పైకి ఎగజిమ్మి ఆవిడ ముఖం మీద పడ్డాయి.

ముఖం తుడుచుకోలేదు. "ఇదేనా మీ మావకి?"

"ఇలాంటిదే అత్తా. ఆయనకి రేకులే దెబ్బతిని ఉంటాయి."

"ఎనక్కొచ్చింది ఎక్కడికెల్తాది?"

"ఊపిరితిత్తుల్లోకి."

"అందుకా పడుకోలేకపోతన్నాడు" అంది నెమ్మదిగా. "మరి ఉప్పెందుకొద్దన్నాడు?" ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుందనీ, నీరెక్కువైన కొద్దీ రక్తం కూడా పెరిగి ఈ గుండె ఎక్కువ తొయ్యాల్సి వస్తుందనీ చెప్పాను. అత్త లేచి చేతులు కడుక్కుంది. గుండెని ఇత్తడి గిన్నెలో పెట్టి, తడిగుడ్డ కప్పి, "పద" అంది.

పొద్దెక్కింది. ఉప్పుమడుల గట్ల మీద తెల్లటి ఎండ కళ్ళలో పొడుస్తోంది. పాకలో మావగారు కూలీలతో అన్నానికి కూర్చున్నాడు. ఆకులో ఎండు చేప ఉంది. మమ్మల్ని చూసి దాన్ని అన్నం కింద దాచబోయాడు. అత్త కేకలు వేస్తుందని అందరం అనుకున్నాం. ఆవిడ ఆయన పక్కనే చతికిలబడి గిన్నె మీద గుడ్డ తీసింది. "బావా, ముద్ద దించీసి ఇటు సూడు." నీళ్ళు పోసింది, నొక్కింది, పైకి చిమ్మిన నీళ్ళు ఆయన చేతి మీద పడ్డాయి. నేను చెప్పాల్సినవన్నీ ఆవిడే చెప్పింది. కర్ణికని పై అర అంది, కవాటాన్ని తలుపు అంది, అంతే తేడా. కూలీలు చుట్టూ మూగారు. మావగారు గిన్నె తన ముందుకి లాక్కుని, వేలితో ఆ రేకుని ఎత్తి, వదిలి, మళ్ళీ ఎత్తాడు. ముప్పై ఏళ్ళు సముద్రపు పోటుకి ఏరు పొంగినప్పుడు మడుల్లోకి నీరు వదిలి, తూముకి పలక దించి, అది తిరిగి పోకుండా కాపలా కాసిన మనిషి.

"తూము పలక పాడయిపోనాది" అన్నాడు చివరికి. "ఒచ్చిన నీరు నిలవటం నేదు." నా వైపు తిరిగి, "పలక మార్చలేరేటే అమ్మీ?" అని అడిగాడు. మన వైపు ఇంకా లేదు మావా అన్నాను. కాసేపు మడులకేసి చూశాడు. "అయితే నీరే తక్కువ రానియ్యాల" అన్నాడు. అన్నం కిందనుంచి ఎండు చేప తీసి పక్కనున్న కూలీ ఆకులో పెట్టాడు. ఆరోజు సాయంత్రం అత్త ఆ గుండెనే ఉప్పులేకుండా వండితే, "సూసినంతసేపు సూసీసి నాకే పెడతన్నారా!" అని నవ్వి, మొత్తం తిన్నాడు.

మర్నాడు అత్త ఉప్పుకుండ ఎత్తి పక్కింటికి ఇచ్చేసింది. "ఆయనొక్కడూ సప్పిడి తింటే మన కంచాల్లోకి సూస్తాడు. అందరం మానేద్దాం" అంది. నిమ్మకాయ, చింతపండు, వేయించిన నువ్వులు, పచ్చిమిరపకాయలతో నానా తంటాలు పడ్డాం. మొదటి నెల నాకు కలలో ఆవకాయ కనబడేది. మా ఆయనకి స్టేషన్లో హఠాత్తుగా పని ఎక్కువైపోయింది. క్యాంటీను పక్కనే ఉండేది మరి. అత్త మాత్రం సడలలేదు. పొద్దున్నే మావగారి కాలి మీద బొటనవేలు నొక్కి, గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసి గాని పొయ్యి రాజేసేది కాదు. వేసవి గడిచేసరికి కాళ్ళ వాపు తీసింది. చాప చుట్ట అవసరం లేకుండా నడుం వాల్చాడు.

మళ్ళీ టెక్కలి వెళ్ళినప్పుడు డాక్టరు గుండె విని, ఏం చేశారని అడిగాడు. అత్త చెప్పింది. రేకులూ, దారాలూ, వెనక్కి పోయే రక్తం, ఊపిరితిత్తులూ, ఉప్పూ, ఏదీ వదలకుండా. ఆయన చేతిలో కలం అలాగే ఉండిపోయింది. "కూర్చోమ్మా" అన్నాడు. అన్నాళ్ళూ ఆ గదిలో ఆవిడ నిలబడే ఉంది. ఎవరు నేర్పారని అడిగితే నన్ను చూపించింది. "నా కోడలు. సదువు మద్దిలో ఆపీసినాం. తప్పు మాదే" అంది. ఇంటికి వెళ్ళాక మా ఆయనతో అదే మాట ఇంకోలా అంది. వచ్చే ఏడు కోడలు పి.యు.సి. పూర్తి చెయ్యాలంది, మా ఆయన ఏవో ఇబ్బందులు చెప్పబోతే చుట్ట నోట్లో పెట్టుకుంది. నేను చదివాను, టీచరు శిక్షణ చేశాను, ముప్పై ఏళ్ళు పైగా పిల్లలకి ప్రకృతి శాస్త్రం చెప్పాను.

ఆ ఉప్పు పంట చివరిదాకా ఉండడం కష్టమని డాక్టరు అన్న మనిషి ఆరేళ్ళు బతికాడు. నా ఇద్దరు పిల్లల్నీ భుజాన ఎక్కించుకుని మడుల గట్ల మీద తిప్పాడు. చివరి ఏడాది మళ్ళీ నీరు చేరింది, మాత్రలు పనిచెయ్యడం మానేశాయి, ఒక వానాకాలం ఉదయం అత్త చేతిలో చెయ్యి పెట్టి పోయాడు. ఎందుకు పోయాడో అత్తకి తెలుసు, అందుకని ఆవిడ దేవుణ్ణి గాని డాక్టరుని గాని తిట్టలేదు. "ఆరేళ్ళు తోసినాది, పాపం" అంది, అంతే. నాకిప్పుడు ఆవిడ అప్పటి వయసు దాటి చాలా కాలమైంది. వెనక్కి చూసుకుంటే ఏళ్ళకేళ్ళు ఎలా గడిచాయో గుర్తు కూడా లేకుండా పోయాయి గానీ, ఆవిడ పట్టుబట్టి సంపాదించిన ఆ ఆరేళ్ళలో మాత్రం ఒక్కరోజు కూడా నాకు ఊరికే గడిచిపోయినట్టు అనిపించదు.