మా అత్త చదివిన శుక్రవారం కథ

మా అత్త పోయిందని మొన్న సోమవారం ఆళ్లగడ్డ నుంచి మొదటి బస్సులో మనిషి వచ్చి చెప్పాడు. నంద్యాలలో మిల్లు పక్కనున్న మా ఇంట్లో నేను బియ్యం చెరుగుతున్నాను. చేట కింద పెట్టి ఎప్పుడని అడిగాను. తెల్లవారుజామున అన్నాడు. ఏడుపు రాలేదు. నాలుగేండ్లుగా ఆ మనిషితో నాకు మాటల్లేవు, ఆ గడప తొక్కలేదు. నేనడిగిన దానికి సరైన జవాబు చెప్పకుండానే పోయింది కదా అని కోపమే ముందొచ్చింది.

చచ్చినవాని కండ్లు చారెడంటారు. నేను అట్లా రాయను. మా అత్త నోరు మంచిది కాదు. పాలు పోసేవాడిని తిట్టేది, పంచాంగం చెప్పే అయ్యవారిని తిట్టేది, బస్సు ఆలస్యమైతే దిగిన ప్రతివాడినీ తిట్టేది. ఆమె నా మొదటి భర్త తల్లి. పెండ్లయిన రెండేండ్లకే ఆయన విషజ్వరంతో పోతే, నన్ను పుట్టింటికి పంపకుండా ఇంట్లోనే పెట్టుకుంది. పెట్టుకుంది కాబట్టి నన్నూ తిట్టింది.

ఆమె నాలుగో తరగతి చదివింది. మా వీధి ఆడవాళ్లలో అక్షరం వచ్చింది ఆమె ఒక్కదానికే అని అందరం అనుకునేవాళ్లం. ఆ చదువును ఆమె కలెక్టరు ఉద్యోగంలాగా చూసుకునేది. వారపత్రిక గురువారం రైల్లో నంద్యాలకు వచ్చి, శుక్రవారం బస్సులో ఆళ్లగడ్డకు చేరేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధి వీధంతా మా అరుగు మీదికి వచ్చేది. ఆమె దారం కట్టిన కళ్లజోడు చెవులకు చుట్టుకుని, వక్క నమిలి ఉమ్మేసి, అందరినీ ఒకసారి ఉరిమి చూసి మొదలుపెట్టేది. బిడ్డ ఏడిస్తే పుస్తకం మూసేసి తల్లినీ బిడ్డనూ ఇంటికి తరిమేది. "వినేటప్పుడు నోరు మూసుకోని వినల్ల. కొట్లాట తరువాత పెట్టుకుందాం" అనేది.

కొట్లాట తప్పకుండా పెట్టుకునేవాళ్లు. కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఒక సీరియలు వచ్చింది. చిన్న వయసులోనే మొగుడు పోయిన ఒక పిల్ల, ఆ ఊరికి కొత్తగా వచ్చిన డాక్టరు. ఆ పిల్ల డాక్టరును చేసుకుంటుందా, చేసుకోదా? దాని మీద మా వీధి రెండుగా చీలింది. చేసుకుంటుందని మా అత్త పక్షం. చేసుకోదని ఎదురింట్లో అంగడి నడిపే శెట్టెమ్మ పక్షం. డాక్టరుకు మద్రాసులో ముందే పెండ్లాం ఉందని ఒకామె కనిపెట్టింది. చచ్చిన మొగుడు చావలేదు, మిలిటరీలో ఉన్నాడు, ఆఖరు వారం వస్తాడని ఇంకొకామె ఒట్టు పెట్టింది. రచయితకన్నా వీళ్లకే ఎక్కువ తెలుసు. మాటా మాటా పెరిగి శెట్టెమ్మ ఇంటికీ మా ఇంటికీ పెరుగు తోడు ఇచ్చిపుచ్చుకోవడం కూడా నిలిచిపోయింది. మానమున్న ఆడది రెండో మనువు చేసుకోదని శెట్టెమ్మ అంటే, మానం సంగతి నీ తరాజును అడుగు పొమ్మని మా అత్త అనేది.

నేను తలుపు వెనుక కూర్చుని వినేదాన్ని. నన్ను చూసినప్పుడు వాళ్లు గొంతు తగ్గించేవాళ్లు. అది ఇంకా మంటగా ఉండేది. వాళ్లు గుద్దులాడుకుంటున్నది నా బతుకు గురించే అని ఆ అరుగు మీద ఒక్కరికీ తోచలేదు. లేదా అందరికీ తోచింది, అందుకే అంత రుచిగా ఉంది వాళ్లకు.

ఎందుకంటే ఆ నెలలోనే నంద్యాల నుంచి మా అన్న ఒక సంబంధం తెచ్చాడు. మిల్లులో ఇంజను చూసే మనిషి, మంచివాడు. మా కులంలో మారుమనువు లేదు. వింటే కాళ్లు నరుకుతానని మా నాయన కబురు పెట్టాడు. మూడు వారాల్లో ఏదో ఒకటి చెప్పమ్మా అని అన్న వెళ్లిపోయాడు. నా వయసు ఇరవై. అడగడానికి ఒక్క మనిషి లేదు. సిగ్గు విడిచి రాస్తున్నాను: ఆ కథలో పిల్ల ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటాను, లేకుంటే లేదు అని మనసులో ముడి వేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

డాక్టరు ఉత్తరం రాసిన వారం వచ్చింది. మా అత్త గొంతు సవరించుకుని చదివింది. ఆ పిల్ల ఉత్తరం కళ్లకు అద్దుకుని, సరే అని చెప్పి పంపింది. అరుగు మీద గోల. కొందరు రచయితను తిట్టారు, కొందరు మా అత్తనే తిట్టారు. శెట్టెమ్మ ఆ వారం ఊళ్లో లేదు, నంద్యాలలో అన్నగారింటికి పోయింది. మరుసటి శుక్రవారం వచ్చి తల వంచుకుని కూర్చుంది. మా అత్త ఆమెను ఓడిపోయినదానా, ఓడిపోయినదానా అని చదువు మధ్యలో కూడా దెప్పింది.

నేను మా అన్నకు సరేనని కబురు పంపాను.

నంద్యాలలో పదిమంది మధ్య పెండ్లి జరిగింది. మా నాయన రాలేదు. మా అత్త వచ్చి, అక్షింతలు వేసి, చారులో ఉప్పు లేదని వంటవాడితో పోట్లాడి, మలి బస్సుకు వెళ్లిపోయింది.

రెండేండ్ల తరువాత మా మిల్లు ఇండ్లలోని ఆడవాళ్లు ఆ కథ మాట ఎత్తారు. పాపం, ఆ పిల్ల డాక్టరు ఉత్తరం చించేసి అత్తగారింటికే పోయి ముసిలిదైపోయింది కదా అన్నారు. కాదు, చేసుకుంది అన్నాను. నవ్వారు. నాకు పౌరుషం వచ్చి ఎంత పందెమన్నాను. ఒకామె వారం వారం కాగితాలు చించి దారంతో కుట్టుకున్న పుస్తకం తెచ్చి ఆఖరు మూడు వారాలూ చదివి వినిపించింది. పది మందిలో నా తల కొట్టేసినట్టయింది. తరువాత నేను అక్షరాలు నేర్చుకున్నది ఆ అవమానంతోనే.

అదే రోజు బస్సెక్కి ఆళ్లగడ్డ పోయాను. కథ ఎందుకు మార్చినావని అడిగాను.

"ఆయప్పకు రాసేది రాలేదు. నేను సరిచేసినా" అంది.

"నాకోసమా?"

"నీ కోసమేందీ? ఆ శెట్టెమ్మ ముందర ఓడిపోతానా నేను?"

ఒక ముసలామె పంతం మీద నా బతుకు తిరిగిందా అని ఒళ్లు మండింది. నోటికొచ్చినవన్నీ అన్నాను. ఆమె ఒక్కదానికీ తగ్గలేదు. ఇంక ఈ గడప తొక్కనని చెప్పి వచ్చేశాను. తొక్కలేదు కూడా, మొన్నటిదాకా.

మొన్న బిడ్డలిద్దరినీ పొరుగింట్లో వదిలి నేను పోయేసరికి శవాన్ని ఎత్తారు. ఆడవాళ్లం మిగిలాం. శెట్టెమ్మ మా పెరట్లో బావి దగ్గర నన్ను పట్టుకుంది. నాకు ఇంకా ఆ మంట ఆరలేదు. నీతో పంతానికి మా అత్త నాకు దొంగ కథ చదివిందని ఆమెతోనే అన్నాను. శెట్టెమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"పంతమా? నాకూ అచ్చరాలు వస్తాయి పాపా, కూడబలుక్కోని చదువుతా. ఆ వారం నంద్యాలలోనే చదివినా. గెల్చినానని పుస్తకం కొంగులో పెట్టుకోని వచ్చినా. ఆపొద్దే నా కొంగులో పుస్తకం చూసి మీ అత్త మా పెరట్లోకి వచ్చె. 'మా పిల్ల ఆ కథ మీదనే పానం పెట్టుకోనుంది, అది ఎట్ల పోతే ఇదీ అట్లే పోతాది. ఈ ఒక్క తూరికి నువ్వు ఓడిపో శెట్టెమ్మా' అని నా కాళ్లు పట్టుకునె."

ఎవరికీ తల వంచని మనిషి. పట్టుకున్నది పగదాని కాళ్లు.

"ఆ పెండ్లి నాకిష్టం లేదు. ఈపొద్దుకీ లేదు," అంది శెట్టెమ్మ. "కాళ్లు పట్టుకునె గదా, ఏం చేసేది? ఊరకుంటి. ఆరేండ్లు నన్ను వీధిలో ఓడిపోయినదానా అనే పిలిచె ఆయమ్మ. ఒక్కతూరన్నా నవ్వలేదు, కన్ను గీటలేదు." అప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది. నేనూ నాలుగేండ్ల ఏడుపు అక్కడే ఏడ్చాను. నాలుగేండ్లు మాట్లాడకుండా ఉన్నానే అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇప్పుడు నన్ను తిట్టడానికి ఆమె లేదు.

ఇద్దరం మొహాలు కడుక్కుని అరుగు మీదికి వచ్చాం. ఆడవాళ్లు మా అత్త చదువు గురించే చెప్పుకుంటున్నారు. మూలనున్న ఒక ముసలవ్వ, కళ్లు కనిపించవు ఆమెకు, నా చెయ్యి తడిమి పట్టుకుని అడిగింది.

"మీ అత్త చదివె గదా పాపా, డాక్టరును చేసుకున్న పిల్ల. ఆ పిల్లకు బిడ్డలు పుట్టిరా?"

అరుగంతా నా వైపు చూసింది.

"ఇద్దరు పుట్టినారవ్వా," అన్నాను. "బాగుండారు."

శెట్టెమ్మ నా పక్కనే నిలబడి ఉంది. కాదనలేదు.