రాయికి సూటిగా ఉన్న వీధి

2003 వేసవి. రాజమండ్రిలో ఓ చిన్న కంప్యూటర్ సంస్థలో ప్రోగ్రామర్‌గా ఉండేదాన్ని. వరదొస్తే గోదావరి నడుమనున్న లంక గ్రామాల్లో ఏ ఇళ్ళకి పడవ పంపాలో తేల్చే ప్రోగ్రాం రాయమన్నారు. మునిగే ప్రాంతం చుట్టూ మ్యాపు మీద గీతలుంటాయి. అలా గీతలతో మూసిన ఆకారాన్ని పాలిగాన్ అంటాం. ఒక్కో ఇల్లూ ఒక చుక్క. ఆ చుక్క లోపలుందా, బయటుందా? అంతే పని.

కంటితో చూస్తే పసిపిల్లైనా చెప్పేస్తుంది. కంప్యూటర్‌కి కళ్ళు లేవు కదా. అందుకని చుక్క నుంచి తూర్పుకి తిన్నగా ఒక గీత లాగుతాం. దాన్ని రే అంటారు. అది సరిహద్దును ఎన్నిసార్లు దాటిందో లెక్కపెడతాం. బేసి సంఖ్య వస్తే చుక్క లోపల, సరి సంఖ్య వస్తే బయట. పరీక్షకి పెట్టిన చుక్కలన్నీ సరిగ్గా వచ్చాయి. నేనూ కాస్త గాల్లో తేలాను.

ఏ ఇళ్ళకి పడవ వస్తుందో ఊళ్ళో చెప్పిన మర్నాడే వీర్రాజుగారనే లంక రైతు రేవు దాటి మా ఆఫీసుకొచ్చారు. ఆ జాబితాలో ఆయన వీధిలోని ఒక్క ఇల్లూ లేదట. ఆయన భార్య పక్షవాతంతో మంచం పట్టి ఉంది.

"మా వీధి మునగదంటందాండి మీ కంప్యూటరు? ప్రతి వరదకీ గోదారి మా అరుగెక్కుద్దండి. పడవ రాకపోతే ఆవిణ్ణి నేనొక్కణ్ణీ మోసుకెళ్ళలేనండి," అన్నారు. గొంతులో కోపం లేదు. అందుకే నాకు మరీ భయమేసింది.

మ్యాపు తీసి చూస్తే వీధి నిక్షేపంలా లోపలే ఉంది. ప్రోగ్రాం మాత్రం వీధి వీధంతా బయటంటోంది. ఆ ఇళ్ళన్నీ ఒకే వరసలో అంత తిన్నగా ఎలా ఉన్నాయని ఆయన్నడిగాను. వాస్తు తప్పకూడదని, ఊరి తూర్పు చివర సరిహద్దు రాయికి తాడు కట్టి, పడమటికి లాగి, దాని వెంటే పెద్దలు ఇళ్ళు కట్టారట.

అప్పుడర్థమైంది. ఆ రాయే నా పాలిగాన్‌కి ఒక మూల. ప్రతి ఇంటి నుంచీ తూర్పుకి వెళ్ళిన రే సరిగ్గా ఆ మూలనే తాకుతోంది. అక్కడ రెండు సరిహద్దు గీతలు కలుస్తాయి కాబట్టి ప్రోగ్రాం ఒకసారి దాటడాన్ని రెండుగా లెక్కేసింది. రెండంటే సరి సంఖ్య. వీధంతా బయట పడింది. ఇలా మూలకే తగలడం చాలా అరుదని నేను ఈ పద్ధతి నేర్చుకున్న పుస్తకంలో ఉంది. రాసినాయనకి మన వాస్తు పట్టింపు తెలియదు పాపం.

ప్రతి గీతకీ కింది కొనను లెక్కలో ఉంచి, పై కొనను వదిలేయమని మార్చాను. ఇక మూల ఒక్కసారే లెక్కకొస్తుంది. మరి సరిగ్గా సరిహద్దు గీత మీదే ఉన్న ఇంటి సంగతి? ఎటు పెట్టినా తప్పు లేదంది పుస్తకం. నేను లోపలే పెట్టాను. పడవ ఖాళీగా తిరిగొస్తే పోయేదేమీ లేదు.

మళ్ళీ నడిపి చూసి, "మీ ఇల్లు మునుగుతుందండి," అని చెప్పాను. వీర్రాజుగారు చేతులు జోడించారు. ఆ మాటకి సంతోషించిన మనిషిని మళ్ళీ చూడలేదు.

తర్వాత వచ్చిన వరదలో ఆయన పునరావాస కేంద్రం నుంచి ఫోన్ చేశారు. పడవవాళ్ళు ఆవిణ్ణి మంచంతో సహా ఎక్కించారట. అప్పటినుంచి ఏ ఊరి పని ఒప్పుకున్నా, ఒక్క లైను రాయకముందే ఆ ఊరెళ్ళి వీధులు నడిచి వస్తున్నాను.