పొట్లం మీద చివరి వరుస

కొత్తవలస స్టేషన్‌లో పాసింజర్ కోసం కూర్చున్నాను. బెంచీ మీద నా పక్కనున్న ఆవిడ నాకంటే పదేళ్లు చిన్న. ముట్లుడిగిన దగ్గర్నుంచి సుగరు పట్టుకుందని తనే చెప్పింది. నేను స్టేషను బోర్డు చదువుకోవడం చూసి, సంచిలోంచి అవిసె గింజల పొట్లం తీసి నా ఒళ్లో పెట్టింది.

"అప్పా, నీకు సదువొచ్చు కదా. ఏటి రాసుందో సెప్పు."

అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని. కూడబలుక్కుంటే పక్కవాళ్లు నవ్వుతారని సిగ్గు. పై రెండు వరుసలే చదివాను. ఆడవాళ్ల ఒంట్లో తగ్గిపోయే హార్మోనులాంటిది ఈ గింజల్లో ఉంటుందని, కొవ్వూ చక్కెరా అదుపులో ఉండటానికి సాయపడుతుందని ఉంది.

"ఆ కిందది?"

"అదేలే. గొప్పలు."

"అయితే సుగరు బిళ్లలు మానీసినా పర్లేదన్నమాట. మా కోడలు మింగమని ఊరికే అరుస్తాది."

నేను తలాడించాను.

అరకు వైపు బండి వచ్చింది. ఆవిడ సగం గింజలు కొంగున పోసుకుని, మిగతావి పొట్లంతో సహా నా చేతిలో పెట్టింది.

"తిను, నీకూ మంచిదే" అని ఎక్కేసింది.

మూడు రోజులు తిన్నాను. ఖాళీ పొట్లం పారేయబోతూ ఆ కింది వరుస మీద వేలు పెట్టాను.

వైద్యులు ఇచ్చిన మందులు మానరాదు.

ఆవిడ ఊరూ పేరూ అడగలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు కొత్తవలసలో దిగినా ముందు ఆ బెంచీ వైపే చూశాను. మళ్లీ కనబడలేదు.

నాలుగే మాటలు. ఎంత కూడబలుక్కున్నా బండి వచ్చేలోపు అయిపోయేవి.