మన వేడి

మా పిన్ని ఇరవై ఏళ్లు లాండ్రీలో ఇస్త్రీ చేసింది. నలభై ఆరో ఏట ప్రోగ్రాం రాయడం నేర్చుకుంది. నేర్పింది నేనే కాబట్టి ఆవిడ గురించి గొప్పలు చెప్పుకునే హక్కు నాకుంది, చెప్పుకుంటాను కూడా.

పదకొండు మంది ఉన్న ఇంట్లో కాపురం చేసిన మనిషి. ఆవిడ నోరు 'నా' అన్న మాటకు తిరగదు. దువ్వెన అయితే మన దువ్వెన, చెప్పులైతే మన చెప్పులు. చివరికి పన్ను నొప్పి పుట్టినా "మన పన్ను సలుపుతోందే" అనేది. ఎవరి పన్నో తేలేదాకా ఇంటిల్లిపాదీ దవడలు తడుముకోవాల్సిందే.

ఉతికే మిషన్లకు కంప్యూటరు తగిలించినప్పుడు యజమాని ఆ ప్రోగ్రాం పని పిన్నికే అప్పజెప్పాడు. ఏ బట్టకు ఎంత వేడి పనికొస్తుందో ఆవిడకు తెలిసినంతగా అక్కడెవరికీ తెలియదు. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి వాచిపోయే కాళ్లకు ఒక కుర్చీ దొరికింది. మొదటి వారం ఆ కుర్చీని రోజుకు రెండుసార్లు తుడిచేది.

ప్రోగ్రాంలో 'బట్ట' అని ఒక తల్లి క్లాసు, అంటే ఒక రకం వస్తువులన్నిటికీ నమూనా, ఉంది. 'చొక్కా', 'దుప్పటి', 'ఉన్ని' దాని పిల్లలు. నీళ్ల వేడి ముప్పై డిగ్రీలని తల్లి దగ్గర ఒక్కచోటే రాసి ఉంటుంది. పిల్లలు తమకంటూ వేరే అంకె పెట్టుకోనంతకాలం తల్లి అంకెనే వాడుకుంటారు. ఆ అంకెను ఎవరూ నేరుగా ముట్టుకోకూడదు. అడగడానికి ఒక మెథడ్, అంటే పిలిస్తే ఆ ఒక్క పనీ చేసిపెట్టే ఆదేశాల మూట, మార్చడానికి ఇంకో మెథడ్. మూడు నెలలపాటు అన్ని బట్టలూ ముప్పైలోనే ఉతికారు, మార్చే మెథడ్ అవసరమే పడలేదు.

అప్పుడు ఒక ఆసుపత్రి నుంచి దుప్పట్లు వచ్చాయి. వాటికి డెబ్బై డిగ్రీలు కావాలి. పిన్ని దుప్పటి వేడిని డెబ్బైకి మార్చింది. దుప్పట్లు తళతళలాడాయి. మర్నాడు పొద్దున బ్యాండు వాళ్ల ఉన్ని కోట్లు పద్దెనిమిది అదే మిషన్లో పడ్డాయి.

బయటికి తీశాక అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. బ్యాండు మాస్టారు భారీ మనిషి. తన కోటు తొడుక్కోబోతే చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి.

"ఇది మా మనవడికి కూడా బిగుతే!" అన్నాడాయన.

యజమానికి కోపం ముక్కు మీదే ఉంటుంది. మిషను నడిపే పెద్దాయన్ని, మేమంతా మిషను మామయ్య అంటాం, అందరి ముందూ ఉతికి ఆరేశాడు.

"ఏ మీట నొక్కారు? కళ్లద్దాలు పెట్టుకోమంటే వినరు! రేపట్నుంచి రానక్కర్లేదు."

"నేనేం నొక్కలేదు సార్" అని మామయ్య గొణిగాడు. వినేవాళ్లెవరు?

పిన్ని ఫోను చేస్తే పరుగున వెళ్లాను. కాలుకాలిన పిల్లిలా కుర్చీ చుట్టూ తిరుగుతోంది.

"మామయ్య అబద్ధమాడరే. మన ప్రోగ్రాంలోనే ఏదో ఉంది."

"అదే నిజమైతే నీ కుర్చీ పోతుంది పిన్నీ."

"పోతే పోనీ. ముందు చదువు."

పిన్ని ఏది రాసినా ముందు మామూలు మాటల్లో నోటుబుక్కులో రాసుకుంటుంది. కంప్యూటర్లో అక్షరం పొల్లుపోకుండా అదే దించుతుంది. ఆ పుస్తకం తీసి పైకి చదివాను. మొదటి వాక్యం నేను చెప్పి రాయించింది, రెండోది ఆవిడ సొంతం.

"వేడి ఎంత అని అడిగితే: నా దగ్గర ఉంటే చెబుతాను, లేకపోతే అమ్మనడిగి చెబుతాను. వేడి మార్చమంటే: మన వేడి మారుస్తాను."

"ఆగాగు. అక్కడ మాట్లాడేది దుప్పటి కదే? దుప్పటి 'మన' అంటే ఎవరెవరు?" అని అడ్డుపడింది పిన్ని.

"అందరూ. చొక్కా, ఉన్ని, వాళ్లమ్మ..." అన్నాను.

పిన్ని నుదురు కొట్టుకుంది. కంప్యూటర్లో చూస్తే సరిగ్గా అదే. మార్చే మెథడ్ ఎవరు పిలిచినా తిన్నగా వెళ్లి తల్లి అంకెనే మార్చేస్తోంది. దుప్పటి తనకోసం డెబ్బై అడిగితే ఇల్లంతటికీ డెబ్బై అయిపోయింది. తనకంటూ అంకె లేని ఉన్ని, పాపం, తల్లినడిగింది. తల్లి డెబ్బై అంది.

'మన' కొట్టేసి 'నా' అని రాయాలి, అంతే. దానికే పిన్ని పెన్ను రెండుసార్లు ఆగింది. ఇకమీదట మార్చమన్న క్లాసు కొత్త అంకెను తన దగ్గరే దాచుకుంటుంది, తల్లిదాని జోలికి పోదు. తల్లి అంకె మళ్లీ ముప్పై అయింది, దుప్పటి తన డెబ్బై తన దగ్గరే పెట్టుకుంది.

"గుట్టుచప్పుడు కాకుండా సరిచేసేశాం కదా, ఎవరికీ చెప్పకపోతే పోలా?" అన్నాను. పిన్ని చూసిన చూపుకి సిగ్గుతో చచ్చిపోయాను.

తిన్నగా యజమాని గదిలోకి వెళ్లింది. "తప్పు మామయ్యది కాదు సార్. నాది."

ఆవిడ నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి. గర్వమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

యజమాని ముడుచుకుపోయిన కోటు ఒకటి ఎత్తి చూసి పక్కన పడేశాడు. "కోట్లు కొత్తవి కుట్టిద్దాం. నువ్వు సరిచేశావని నమ్మేదెలా? ఆసుపత్రి దుప్పట్ల వెనకే ఒక ఉన్ని బట్ట వేసి చూపించు. అది ముడుచుకుపోతే మామయ్యతో పాటు నీ కుర్చీ కూడా ఖాళీ."

ఉన్ని బట్ట ఎవరిస్తారు? అందరూ చూపులు తిప్పుకున్నారు. దాచడమెందుకు, నేనూ నా శాలువాను సంచిలోకి తోసేశాను. మామయ్య మాత్రం ఒంటిమీది స్వెట్టరు విప్పి పిన్ని చేతిలో పెట్టాడు.

"వద్దు మామయ్యా, మీకున్నది ఇదొక్కటే."

"అందుకేగా నీకిస్తున్నది. వెయ్యి తల్లీ."

దుప్పట్లు డెబ్బైలో ఉడికాయి. ఆ వెనకే స్వెట్టరు వెళ్లింది. మిషను మీద ముప్పై అనే కనబడుతున్నా పిన్ని నలభై నిమిషాలూ అక్కణ్ణుంచి కదల్లేదు. తలుపు తెరుచుకోగానే మామయ్య ఆరేదాకా కూడా ఆగలేదు. తడి స్వెట్టరే తొడుక్కుని, చలికి వణుకుతూ, రెండు చేతులూ చాపి యజమాని ముందు నిలబడ్డాడు. అంచులు మణికట్లకు సరిగ్గా సరిపోయాయి.

"రేపు మమ్మల్నిద్దర్నీ ఎన్నింటికి రమ్మంటారు సార్?" అని అడిగాడు.