మండని గుడ్డను నమ్మని మాస్టారు

చీరాలలో నాకు రసాయనశాస్త్రం నేర్పిన గురువర్యులు దేవదానం మాస్టారు మొన్న మంగళవారం పరమపదించారు. ఆయన కుమార్తె సునీతమ్మ ఫోన్ చేసి చెప్పగానే నిశ్చేష్టుడనై, "నిజమేనా? డాక్టరు చూశాడా?" అన్నాను. అన్నాక సిగ్గేసింది. ఆమె నొచ్చుకోలేదు. "నాన్న శిష్యులందరూ అదే అడుగుతున్నారండి" అంది.

సంశయం మాస్టారి సహజగుణం. పత్తి గుడ్డ ఎలా కాలుతుందన్నదే ఆయన యావజ్జీవ పరిశోధన. వేడికి పత్తిలోని సెల్యులోజు విచ్ఛిన్నమై మండే వాయువుల్ని వదులుతుంది. మంటకు అవే ఆహారం. భాస్వర సమ్మేళనాన్ని ఆ అణువుకు రసాయనికంగా బంధిస్తే గుడ్డ ఇంకా తక్కువ వేడికే విచ్ఛిన్నమవుతుంది. కానీ వాయువులు తగ్గి, నీరూ బొగ్గూ ఎక్కువగా వస్తాయి. మంట పాకదు. "ముందు నల్లబడేదే చివరికి నిలబడుతుందిరా" అనేవారు.

కొన్నేళ్ల క్రితం ఒక బాలికల హాస్టలుకు తెరలు సరఫరా చేసే వ్యాపారి, నేను గుడ్డలు పరీక్షించి ధ్రువపత్రాలిచ్చే ప్రయోగశాలకు 'మండని గుడ్డ' ముక్క తెచ్చాడు. నిప్పంటించాను. నల్లబడి ఆరిపోయింది. ధ్రువపత్రం రాసిచ్చి, దాని నకలు గర్వంగా మాస్టారికి చూపించాను.

"ముక్క ఎవరు కోశారు?"

"ఆ వ్యాపారే కోసి తెచ్చాడండి."

"ఉతికి చూశావా?"

"లేదండి."

"మరి ఏం చూసి రాశావు? అతని మొహమా?"

నాకు రోషం వచ్చింది. ఆయన వినలేదు. నన్ను ఆటోలో ఆ వ్యాపారి గోదాముకు లాక్కుపోయి, గుడ్డ తానులోంచి స్వయంగా ముక్క కోశారు. "పెద్దాయనకి మా మీద నమ్మకం లేనట్టుందే" అన్నాడు వ్యాపారి. "నా మీదే నాకు లేదు నాయనా" అన్నారు మాస్టారు.

దాన్ని తమ ఇంటి పెరట్లో మూడుసార్లు ఉతికి, ఆరబెట్టి అంటించారు. మంట క్షణంలో ఆయన బొటనవేలిదాకా ఎగబాకింది. "బంధం కాదురా, పూత. నీళ్లతో పోయింది" అన్నారు, వేలు తొట్టిలో ముంచుతూ. ధ్రువపత్రం రద్దు చేశాను. తెరలు వెనక్కి వెళ్లాయి.

ఆ వ్యాపారి ఊరుకోలేదు. మాస్టారు తనకు పోటీగా ఉన్న ఇంకో కంపెనీ మనిషని ప్రచారం చేశాడు. ఆ మాట పురుగులా నన్ను తొలిచింది. వారం ఓర్చుకుని, చివరికి తలదించుకుని అడిగేశాను. కోప్పడతారనుకున్నాను. ఆయన బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టారు. "నాకొచ్చిన ఉత్తరాలన్నీ అందులోనే ఉన్నాయి, చూసుకో. ఇన్నాళ్లకి అడగడం నేర్చుకున్నావురా" అన్నారు. ఆ ముఖంలో అంత సంతోషం నేనెన్నడూ చూడలేదు. బీరువా తెరిచి ప్రతి ఉత్తరమూ చదివాను. ఆయన పక్కనే కూర్చుని ఒక్కొక్కటే అందించారు. ఏ కంపెనీ ఊసూ లేదు.

ఆ హాస్టలు పిల్లలకు ఆయన పేరు తెలియదు. నాకు తెలుసు. నేను రాసిందల్లా నమ్మేవాళ్లు ఇప్పుడు ఎందరో ఉన్నారు. నమ్మకుండా అడిగే ఆ ఒక్కరూ వెళ్లిపోయారు. ఆ మహనీయునికి నా అశ్రునమస్సులు.