ప్రసూన పెట్టిన సంతకం

రైల్వే కాలనీ స్కౌట్లు ఏటా డిసెంబరులో సోనాఖాన్ కొండలకి వెళ్తారు. పద్దెనిమిది వందల యాభై ఏడులో తెల్లవాళ్లతో పోరు జరిగిన అడవి అది. రెండు రోజులు రాళ్లదారిన నడక. నడిచేది మగపిల్లలు, గైడ్స్ ఆడపిల్లలు బస్సులో ముందే చేరి కూరలు తరుగుతారు. ఈ ఏర్పాటు ఏ మహానుభావుడు చేశాడో గానీ, గైడ్ కెప్టెన్ ప్రసూనకి తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. తనూ పదిహేనేళ్లప్పుడు ఆ కొండ కింద కూర్చుని ఉల్లిపాయలు తరిగింది మరి.

ప్రసూనది కాలనీ పక్క పేట, తార్‌బహార్. తాత శ్రీకాకుళం నుంచి ఈ హిందీ ఊరికి పట్టాలు వేసే గ్యాంగు పనికి వచ్చాడు. తను రైల్వే స్టోర్సులో గుమాస్తా. ఈ ఏడు పంతం పట్టి, స్కౌట్ల పెద్దాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, "పిల్లలు నడవగలరని కెప్టెన్ రాసిస్తే పంపిస్తాం" అనిపించుకుంది. ఇక ఆరుగురు ఆడపిల్లల్ని ప్రతి ఆదివారం తెల్లారకముందే లేపడం, సంచుల్లో ఇటుకలు పెట్టి లాల్‌ఖదాన్ దాకా నడిపించడం, బొబ్బలెక్కిన పాదాలకి కొబ్బరినూనె రాయడం. ఆఖరి పరీక్ష, స్కౌట్లతో పాటు బిల్హాకి నడక. ఆడపిల్లలు స్కౌట్ల కంటే ముప్పావుగంట ముందే చేరి, స్టేషన్లో సమోసాలు తింటూ కూర్చున్నారు.

స్కౌటు మాస్టారు బంగార్రాజు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. ఆయనకి ప్రసూన ఇరవై రెండేళ్లుగా రాఖీ కడుతోంది.

"ఇవి పిల్లలేటి చెల్లెమ్మా, గుర్రాలు గానీ!" అని నవ్వాడు. పిచ్చితల్లి, ఆ నవ్వు నమ్మింది.

మర్నాడు ఆఫీసుకొచ్చి తెల్లకాగితం ముందు పెట్టాడు.

"కింద సైన్ పెట్టీ. పెద్దాఫీసుకి హిందీలో రాయాల గదా, నేను టైపు కొట్టించి ఇచ్చీస్తాను. నువ్వేటీ బెంగెట్టుకోకు."

వాళ్ల ఆఫీసులో ఇదో అలవాటు. సెలవు చీటీలూ పాసు ఫారాలూ స్నేహితులు ఖాళీగానే సంతకం పెట్టి ఇచ్చుకుంటారు. అన్నయ్య దగ్గర అనుమానమేమిటని ప్రసూనా పెట్టేసింది.

శనివారం స్కౌటు హాలు గోడకి ఆ కాగితమే, పెద్దాఫీసు ముద్రతో, అంటించి ఉంది. "మా బాలికలు ఇంకా తయారు కాలేదు. ఎప్పటిలా వంట పని ఇప్పించగలరు." కింద ప్రసూన సంతకం. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో ఆవిడకి యాభయ్యో ఏట తెలిసింది. అక్కడే ఉన్న బంగార్రాజు వైపు తిరిగింది.

"ఇదేటన్నయ్యా?"

బంగార్రాజు కళ్లు కలపలేదు. "మా కుర్రాళ్ల పరువు పోతాది చెల్లెమ్మా. అర్థం చేసుకో. వచ్చే ఏడు చూద్దాంలే."

"నీ పరువుకి నా చెయ్యే దొరికిందేటి?" అని అరిచింది. ఆయన అప్పటికే గుమ్మం దాటాడు.

ఈలోగా ఆడపిల్లలు గోడ దగ్గర చేరారు. వాళ్లకి నాయకురాలైన సౌమ్య కాగితం మీద వేలు పెట్టి రెండుసార్లు చదివింది.

"ఆంటీ, యే ఆప్‌కా సైన్ హై నా?"

"నాదేనమ్మా. కానీ నేను పెట్టినప్పుడు కాగితం ఖాళీగా ఉంది. పైదంతా ఆయన రాయించుకున్నాడు."

సౌమ్య కోపంగా కూడా అడగలేదు.

"అంటే, మా గురించి ఏటి రాస్తారో చూడకుండానే ఇచ్చీసారా?"

బంగార్రాజుని తిట్టడానికి ప్రసూన నోట ఇంకా బోలెడు మాటలున్నాయి. కానీ ఈ పిల్ల వేలు ఉన్నది తన సంతకం మీద. ఇంతసేపూ మోసపోయింది తనొక్కతే అనుకుంటూ వచ్చింది.